కూరగాయలు తినమంటారు, నడవమంటారు. తెచ్చుకునేది ఎక్కడ, నడిచేది ఎక్కడ?

#1 కందుకూరు_కుర్రోడు
మా అమ్మకు 54 ఏళ్లు. పోయిన నెల షుగర్ అని తేలింది. ఒంగోలులో చూపించాం. డాక్టర్ మంచాయనే, మందులు కూడా తక్కువే రాశాడు. చీటీ చివర రెండు ముక్కలు రాసి కింద గీత కొట్టాడు. ఆకుకూరలు, కూరగాయలు ఎక్కువ తినాలి. రోజూ అరగంట నడవాలి.

రాసినంత తేలిక కాదని ఇంటికొచ్చాక తెలిసింది. మాది కందుకూరు–సింగరాయకొండ రోడ్డుకు కాస్త లోపలగా ఉండే ఊరు. చుట్టూ పొగాకు, శనగ, జామాయిల్. కూరగాయలు వేసే రైతు ఒక్కడు లేడు. మంగళవారం, శుక్రవారం ఆటో వస్తుంది. అందులో వంకాయలు, టమాటాలు, ఉర్లగడ్డలు, ఎర్రగడ్డలు. అదృష్టం బాగుంటే గోంగూర. మిగతా రోజులు పప్పు, పులుసు, ఊరగాయ.

నడక సంగతి ఇంకో కథ. గడప దాటితే తారు రోడ్డు, పొద్దున ఐదింటికే జామాయిల్ లోడు లారీలు. బడి గ్రౌండు పెద్దదే. ప్రహరీ లేనప్పుడు ఎవరికి కావాలంటే వాళ్లు నడిచేవాళ్లు. ప్రహరీ కట్టారు, మంచిదే, గేటు పెట్టారు, గేటుకు తాళం పడింది. అమ్మ వారం రోజులు రోడ్డు మీదే నడిచింది, చేతిలో ఖాళీ పాలక్యాను పట్టుకుని. ఊరికే నడుస్తుంటే ప్రతి అరుగు మీద నుంచీ "ఎక్కడికి పోతున్నావమ్మే పొద్దున్నే" అని అడుగుతారంట. క్యాను ఉంటే అడగరంట. ఎనిమిదో రోజు కుక్కలు వెంటపడ్డాయి, మానేసింది.

మీ ఊళ్లలో ఏం చేశారో చెప్పండి. మనసుంటే మార్గం ఉంటుంది టైపు సలహాలు మాత్రం వద్దు.

#2 ఒంగోలు_గిత్త
పాలక్యాను ఐడియాకు దండం. మా అత్త పూలబుట్ట పట్టుకుని నడుస్తుంది. గుడి ఎదురుగానే ఉంది, ఆమె మూడు వీధులు చుట్టి వస్తుంది. దేవుడికి తెలుసులే.

#3 పాతకాలం
మా నాయన 86 ఏళ్లు బతికాడు. వాకింగ్ అనే మాటే ఎరగడు. పొలం పని చేసుకునే వాళ్లకు ఇవన్నీ ఎందుకు? టౌనోళ్ల రోగాలు ఊళ్లకు తెస్తున్నారు.

#4 కావలి_కాలవ
#3 పెద్దాయనా, మీ నాయన నాగలి వెనక నడిచాడు. మీరు పొలానికి ఎట్లా పోతున్నారు? కోతకు మిషను, కలుపుకు మందు, మోటారు ఆన్ చేయడానికి ఫోను. మా మామ మూడెకరాల వరి కయ్య చూసి రావడానికి గట్టు దాకా బండి మీదే పోతాడు. ఇంకా గట్టు మీదికి ఎక్కలేదు, అదీ గట్టు సన్నగా ఉండబట్టి.

#5 పాతకాలం
బండి మీదే పోతా నాయనా. మోకాళ్లు సహకరించవు.

#6 కావలి_కాలవ
అదే కదా నేను చెప్పేది.

#7 బుచ్చి_అక్క
పొలం పని అంటే అందరిదీ ఒకటే కాదు. నాట్లేసే ఆడవాళ్లు రోజంతా వంగే ఉంటారు. రొయ్యల షెడ్డులో పనికి పోయే మా వీధి పిల్లలు ఎనిమిది గంటలు నిలబడే ఉంటారు. వాళ్లను మళ్లీ గంట నడవమంటే చీపురు తిరగేస్తారు. వాళ్లకు కావాల్సింది కూర్చుని తినడానికి ఒక పూట. నడక ఎవరికి అవసరమో ముందు అది చూడండి.

#8 ఆశా_డ్యూటీ
మా ఏరియాలో ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూస్తాం కాబట్టి చెబుతున్నా. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు. ఒకేసారి అరగంట అని ఎక్కడా లేదు. అమ్మగారిని మూడు పూటలా తిన్న తర్వాత పది నిమిషాలు నడవమనండి, వాకిట్లో అయినా సరే, మిద్దె మీద అయినా సరే. తిన్న వెంటనే ఎక్కే షుగర్ దానితో తగ్గుతుంది.

వట్టికాళ్లతో మాత్రం వద్దు. షుగర్ ఉన్నవాళ్లకు కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. మా ఏరియాలో ఒకామెకు చెప్పులో చిన్న గాజుపెంకు ఉండిపోయింది. రెండు రోజులు అట్లాగే తిరిగింది, రక్తం మరక చూసి మనవరాలు అడిగితేనే తెలిసింది. చెప్పులు తొడిగే ముందు దులుపుకోమనండి, రాత్రి పూట పాదాలు చూసుకోమనండి. మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు కొంగుకు కాస్త పంచదార కట్టుకోవాలి, కళ్లు తిరిగితే వేసుకోవడానికి.

కూరలు, పండ్లు కలిపి రోజుకు 400 గ్రాములు అని లెక్క. మన ఇళ్లలో కూర అంటే అన్నానికి నంజుకునేది. అక్కడే దెబ్బ పడుతోంది.

#9 నెయ్యికారం
400 గ్రాములా! మా ఇంట్లో నలుగురికి అరకిలో వంకాయలు, అందులో సగం నూనె.

#10 పెన్నా_గట్టు
నెల్లూరులో మాకు గ్రౌండ్లకు కొదవ లేదు. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఉంది, వీఆర్ కాలేజీ గ్రౌండు ఉంది. మా బ్యాచ్ ఐదున్నరకల్లా దిగుతాం. ఆరున్నరకు కారందోశ బండి దగ్గర దిగుతాం. పదేళ్లుగా నడుస్తున్నా, నా బరువు మాత్రం అక్కడే నిలబడి ఉండాది.

#11 కందుకూరు_కుర్రోడు
#8 అక్కా, పంచదార సంగతి డాక్టర్ కూడా చెప్పలేదు, థ్యాంక్స్. మిద్దె మీద నడక మొదలుపెట్టించా. కానీ కూరల సంగతి తేలలేదు. ఆటోవాళ్లు ఆకుకూరలు ఎందుకు తేరు? ఎన్నిసార్లు అడిగినా "రేపు తెస్తాలే అన్నా" అంటాడు.

#12 ఒంగోలు_గిత్త
రైతు బజార్లు 1999లో పెట్టారు. ఇన్నేళ్లయినా టౌన్లలోనే. పండించే పల్లెలో కూర దొరకదు, టౌనుకొచ్చి కొనుక్కోవాలి. బస్సు చార్జీలతో కలిపితే బెండకాయ బంగారమే.

#13 కూరల_ఆటో
#11 అన్నా, నీ ప్రశ్నకు నేను చెబుతా. ఎనిమిదేళ్ల నుంచి ఇదే పని. మీ ఊరు కాదులే, కొండపి వైపు తిరుగుతా.

రాత్రి రెండున్నరకు లేచి ఒంగోలు మార్కెట్‌కు పోతా. నాలుగింటికి లోడు. మొదటి ఊరు చేరేసరికి ఆరున్నర. ఏడో ఊరు చేరేసరికి పదకొండు. ఉర్లగడ్డ వారమైనా నవ్వుతా కూర్చుంటుంది. గోంగూర కొంచెం తట్టుకుంటుంది. తోటకూర తొమ్మిదింటికి తల వాలుస్తుంది. పాలకూర, చుక్కకూర అయితే పదింటికి చేతికి అంటుకుంటాయి. తడిపిన గోనెపట్ట కప్పుతా. నీళ్లు ఎక్కువ చల్లితే కింది కట్టలు కుళ్లుతాయి, చల్లకపోతే పై కట్టలు వాడిపోతాయి. మే నెలలో ఆ పట్ట మూడుసార్లు తడపాలి. ప్రతి ఊళ్లో పంపు దగ్గర ఆపితే డీజిల్ ఎవరిస్తారు?

సరే తెచ్చాననుకో. 40 కట్టలు తెస్తే 15 అమ్ముడుపోతాయి. మిగతా 25 సాయంత్రం మా గేదెకు. గేదె మాత్రం నాకన్నా ఆరోగ్యంగా ఉంది. కొనేవాళ్లు కూడా ఆకు ముట్టుకుని "వాడిందిరా అబ్బాయ్, ఐదుకు ఇస్తావా" అంటారు. పది రూపాయల కట్ట. ఇంకెందుకు తెస్తా?

మీకు నిజంగా కావాలంటే ఒక పని చేయండి. ముందురోజు రాత్రి ఎనిమిదింటిలోపు ఎవరికి ఏ ఆకు ఎన్ని కట్టలో ఫోనులో చెప్పండి. తెచ్చినవి తీసుకోవాలి, వాడింది వడలింది అని బేరాలు వద్దు. పది ఇళ్లు నిలబడితే మీ ఆటో అతను కూడా తెస్తాడు, రూటు కూడా మీ ఊరి నుంచే మొదలుపెడతాడు. నేను అయితే పెడతా.

#14 బుచ్చి_అక్క
ఇన్ని రోజులకు అవతలి వైపు మాట విన్నాం. గేదె సంగతి చదివి నవ్వు, బాధ రెండూ వచ్చాయి.

#15 సజ్జరొట్టె
ఆకుకూరకు ఆటో ఎందుకు అన్నా? కంచెకు నాలుగు అవిసె మొక్కలు, ఒక మునగ చెట్టు. తొట్టి దగ్గర గిన్నెలు తోమిన నీళ్లు పోయే చోట పొన్నగంటి వేస్తే అదే అల్లుకుంటుంది. మాది కనిగిరి దగ్గర. ఎండాకాలం ట్యాంకరు నీళ్లకు క్యూలో నిలబడే ఊరు, అక్కడే బతుకుతోంది మునగ. మీకు సింగరాయకొండ దగ్గర బతకదా?

#16 కందుకూరు_కుర్రోడు
మునగ ఉంది అన్నా. కాయలు కోసుకుంటాం, ఆకు ఎవరూ తినరు. "ఆకు తింటే లేనోళ్లు అనుకుంటారు" అని మా నాయనమ్మ.

#17 సజ్జరొట్టె
అదీ అసలు రోగం. మా తాత వాళ్లు సజ్జరొట్టె, కొర్రన్నం తినేవాళ్లు. వరన్నం పండగకే. మా నాయన ఉద్యోగం రాగానే చేసిన మొదటి పని ఇంట్లో సజ్జలు మానేయడం. ఇప్పుడు ఆయనకు షుగర్, మళ్లీ కొర్రలు కొంటున్నాం. సన్నబియ్యం కన్నా కొర్రబియ్యం రేటు ఎక్కువ.

#18 నెయ్యికారం
రేటు ఎందుకు అంత? చెట్టుకు నీళ్లు కూడా పెద్దగా అక్కర్లేదంటారు కదా.

#19 సజ్జరొట్టె
చెట్టు కాదు స్వామీ, చేను. కొర్ర, వరిగ, అరికలకు పైన పొట్టు గట్టిగా ఉంటుంది, దంచాలి లేదా మిషను ఆడించాలి. ఆ మిషన్లు మా చుట్టుపక్కల ఊళ్లలో లేవు. రైతు గింజలు ఎక్కడో అమ్ముతాడు, అక్కడెక్కడో పొట్టు తీసి ప్యాకెట్ చేస్తారు, అది తిరిగి మన సూపర్ మార్కెట్‌కు వస్తుంది. సజ్జ, రాగి, జొన్నకు ఆ గొడవ లేదు, నేరుగా పిండి ఆడించుకోవచ్చు. కాబట్టి కొర్రల మోజు పక్కనపెట్టి వాటితో మొదలుపెట్టండి.

#20 ఆశా_డ్యూటీ
ఒక్క మాట. రాగి అనగానే జావ కాచి బెల్లం కలిపి రెండు గ్లాసులు తాగేస్తున్నారు. షుగర్ ఉన్నవాళ్లకు అది పనికిరాదు. పల్చటి జావ త్వరగా అరిగిపోతుంది, షుగర్ ఎక్కుతుంది. బడి పిల్లలకు 2023 నుంచి వారంలో మూడు రోజులు రాగిజావ ఇచ్చారు, ఎదిగే పిల్లలకు మంచిదే. అమ్మగారికి మాత్రం చిన్న సంగటి ముద్ద, పక్కన ముద్దకు రెండింతలు ఆకుకూర పప్పు.

#21 పెన్నా_గట్టు
సంగటిలోకి చేపల పులుసు అనకుండా ఆకుకూర పప్పు అన్నారు. ఈమె నెల్లూరామె కాదు.

#22 ఆశా_డ్యూటీ
చేపలు తినొచ్చు. పులుసులో అంత నూనె ఎందుకు అన్నదే నా గొడవ.

#23 పెన్నా_గట్టు
నూనె పైకి తేలకపోతే దాన్ని పులుసు అనరు అక్కా, చారు అంటారు.

#24 ఫ్లోరైడ్_ఊరు
నవ్వుకోండి గానీ, #15 చెప్పిన కనిగిరి వైపే మాది కూడా. నడక, నడక అంటున్నారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా వైపు బోర్లు ఎన్నో ఎప్పుడో దాటేశాయి. ఆ నీళ్లు తాగే మా పెదనాన్న నడుము వంగి 20 ఏళ్లు. మెడ తిప్పాలంటే మనిషే తిరగాలి. ఆయన ముందు వాకింగ్ మాట ఎత్తాలంటే నాకు సిగ్గేస్తుంది. మాకు ముందు మంచినీళ్లు, తర్వాతే గ్రౌండు.

పాలు, ఆకుకూరలు, ఉసిరి లాంటివి తింటే కొంత మేలని చెప్పారు. అంటే మళ్లీ కూర దగ్గరికే వచ్చాం. ఆయన కుర్చీలో కూర్చుని కాళ్లు చాపడం, చేతులు ఎత్తడం చేస్తాడు. రేడియోలో పాట వస్తే ఇంకో రెండుసార్లు ఎక్కువ.

#25 కావలి_కాలవ
#24 నిజమే. మేము ఒకటే మందు అందరికీ రాస్తున్నాం.

#26 చిల్లరకొట్టు
కూరల ఆటో తమ్ముడు చెప్పాడు కాబట్టి నేనూ చెబుతా. పిల్లలకు ఐదు రూపాయల ప్యాకెట్లు అమ్ముతున్నామని మమ్మల్ని తిడతారు. అరటిపళ్ల గెల తగిలిస్తే మూడో రోజుకు నల్లబడి దోమలు. ప్యాకెట్ నెలల తరబడి దండలా వేలాడుతుంది, కరెంటు లేకపోయినా దానికేం కాదు. మా మండలంలో శనగలు లారీలకు లారీలు పోతాయి, మా కొట్లో శనగ గుగ్గిళ్లు అడిగే పిల్లోడు లేడు.

ఒకసారి పెట్టి చూశా. మా ఆవిడ ఉడకబెట్టి పోపేసి కాగితం పొట్లాల్లో కట్టింది. బడి విడిచే టైముకు వేడిగా ఉంటే పోతాయి, చల్లారితే పోవు. రోజుకు పాతిక పొట్లాలు, అంతకు మించి చేయం. ప్యాకెట్లు తీసేయలేదు, అబద్ధం ఎందుకు. కానీ వెనక్కి జరిపా, గుగ్గిళ్ల గిన్నె ముందుకు పెట్టా.

#27 ఒంగోలు_గిత్త
ప్యాకెట్లు వెనక్కి జరపడమే పెద్ద పని బాబాయ్. మా ఊళ్లో కొట్టు ముందు ఆ దండలు తప్పించుకుని లోపలికి పోవాలంటే వంగాలి.

#28 రిటైర్డ్_పీఈటీ
31 ఏళ్లు పొదిలి, దర్శి వైపు బళ్లలో పని చేశా. గ్రౌండు తాళం గురించి చెబుతా, అది నా సబ్జెక్టు.

హెడ్‌మాస్టర్లను తిట్టకండి. గేటు తెరిస్తే పోయేది వాళ్ల మెడ. కుళాయి విరిగినా, కిటికీ అద్దం పగిలినా, సీసాలు దొరికినా సంజాయిషీ రాయాల్సింది ఆయనే. కాబట్టి నోటిమాటగా అడిగితే ఎవరూ ఒప్పుకోరు. ప్రతి సర్కారు బడికి తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది, 2009 విద్యా హక్కు చట్టం కిందే. ఆ కమిటీలో తీర్మానం రాయించండి. పొద్దున ఐదు నుంచి ఏడు, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో పేరు రాసి సంతకం పెట్టించండి. పంచాయతీ వాళ్ల సంతకం కూడా ఉంటే ఇంకా మంచిది.

నేను చివరగా పని చేసిన ఊళ్లో ఇట్లాగే తెరిచాం. మొదట కుర్రాళ్ల చేతికి చెవి ఇచ్చాం. మూడో వారానికి స్టేజీ వెనక సీసాలు. మూసేశారు. నాలుగు నెలల తర్వాత పొదుపు గ్రూపు ఆడవాళ్లు వచ్చి చెవి మాకివ్వండి అన్నారు. ఇచ్చాం. ఆ తర్వాత సీసా కనపడలేదు. ఆ లీడరమ్మ పొద్దున గేటు తీసేటప్పుడు గొలుసును కావాలని ఇనపగేటుకు కొట్టి చప్పుడు చేసేది. ఆ చప్పుడుకు ఊరంతా లేచేది.

#29 టెన్నిస్‌బాల్_టీం
బాగుంది సార్, ఇప్పుడు నడిచేవాళ్లకు గ్రౌండిస్తే మేం ఎక్కడ ఆడాలి? ఆదివారం ఒక్కరోజే మాకు దొరికేది. మా సిక్సర్ ఒక ఆంటీకి తగిలితే మొత్తం మూసేస్తారు.

#30 బుచ్చి_అక్క
#29 తమ్ముడూ, మీ గ్రౌండ్లో ఆడపిల్లలు ఎంతమంది ఆడతారు?

#31 టెన్నిస్‌బాల్_టీం
వాళ్లు రారు అక్కా.

#32 బుచ్చి_అక్క
రారు కాదు, చోటు ఉండదు. నేను ఎనిమిదో తరగతిలో రింగు ఆటలో జిల్లా దాకా పోయా. పెద్దమనిషి అయ్యాక గ్రౌండు గడప తొక్కలేదు. 30 ఏళ్లు. పిల్లలకు రోజుకు గంటసేపు ఆట ఉండాలంటారు, ఆ లెక్కలో ఆడపిల్లలు కూడా ఉన్నారు కదా. ఓ మూల నెట్ కట్టి సాయంత్రం గంట వాళ్లకు వదలండి, నేనే వచ్చి నిలబడతా.

#33 రిటైర్డ్_పీఈటీ
ఈమె మాట నిజం. చుట్టూ గోడ వెంబడి మూడడుగులు సున్నపు గీత గీయండి, అది నడకకు. మధ్యలో ఆట. ఆదివారం మధ్యాహ్నం దాకా క్రికెట్‌కే. సున్నం బస్తా, సాయంత్రం పని, అంతే ఖర్చు. నెట్ పాత చేపల వల అయినా పర్లేదు, తీర ప్రాంతం వాళ్లకు నేను చెప్పాలా.

#34 పాతకాలం
కందుకూరు వైపు పాత నెల్లూరు జిల్లానే కదా. 1970లో ప్రకాశం జిల్లా చేసినప్పుడు కలిపారు, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. గేటు తాళానికి అర్జీ ఏ జిల్లాకు పెట్టుకోవాలో ముందు చూసుకోండి.

#35 కందుకూరు_కుర్రోడు
పెద్దాయనా, మా ఇంట్లో మూడు తరాల కార్డుల మీద మూడు రకాలుగా ఉంది. ప్రస్తుతానికి అర్జీ హెడ్‌మాస్టర్ గారి దాకానే.

#36 కందుకూరు_కుర్రోడు
రెండు వారాలైంది, అప్‌డేట్. ఆకుకూరల లిస్టు మొదలైంది. పది ఇళ్లు అనుకున్నా, ఏడే వచ్చాయి. మా ఆటో అతను ఏడుకు ఒప్పుకోలేదు. రెండు వారాల డబ్బులు ముందే ఇస్తామంటే సరే అన్నాడు. మొదటి మంగళవారం తోటకూర, పొన్నగంటి వచ్చాయి, ఆరు ముప్పావుకే, ఆకు మీద ఇంకా తడి ఉంది. రెండో ఇల్లు "మాకు వద్దు, ఊరు పోతున్నాం" అంది. ఆ కట్టలు మేమే తీసుకున్నాం. ఆ రోజు మూడు పూటలా పొన్నగంటే. నాన్న ఏమీ అనలేదు, ఊరగాయ జాడీ మాత్రం దగ్గరికి లాక్కున్నాడు.

కమిటీ మీటింగులో తీర్మానం రాశారు. సర్ ఒక షరతు పెట్టాడు, సాయంత్రం లైట్లు వేయనని. సరే అన్నాం. చెవి పొదుపు గ్రూపుకే.

#37 కూరల_ఆటో
డబ్బులు ముందే తీసుకున్నాడా! ఎనిమిదేళ్లలో నాకు తట్టలేదు ఈ ఐడియా.

#38 సజ్జరొట్టె
మునగాకు సంగతి?

#39 కందుకూరు_కుర్రోడు
కారప్పొడిలో దంచి కలిపాం. నాయనమ్మకు చెప్పలేదు. బాగుందంది.

#40 కందుకూరు_కుర్రోడు
చెవి ఎవరి దగ్గర ఉంది? గేటు దగ్గర తొమ్మిది మందిమి నిలబడున్నాం, ఐదూ ఇరవై అయింది. అమ్మ కోప్పడుతోంది.

#41 పెన్నా_గట్టు
నా దగ్గర లేదు స్వామీ, నేను నెల్లూరులో ఉన్నా.

#42 కందుకూరు_కుర్రోడు
అయ్యో సారీ, మా ఊరి గ్రూపులో పెట్టబోయి ఇక్కడ పెట్టా.

#43 బుచ్చి_అక్క
దొరికిందా మరి?

#44 కందుకూరు_కుర్రోడు
దొరికింది అక్కా. లీడరమ్మ పాలు పితకడం ఆలస్యమైందంట. చెవి పాలక్యానులో వేసుకుని పరిగెత్తుకుంటా వచ్చింది.